రోగం మార్చి రాయమన్నారు

తెల్లటి ప్లాస్టిక్ సూట్లు తొడుక్కున్న ఇద్దరు మనుషులు మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర దిగేసరికి ఆల్థాన్‌లో మా వీధి వీధంతా బాల్కనీల్లోకి వచ్చేసింది. అది కోవిడ్ మొదటి ఏడాది వానాకాలం. సూరత్‌లో ఎక్కడ చూసినా ఏదో ఒక బిల్డింగుకి తాళ్లు కట్టేస్తున్న రోజులు. వాళ్లు వచ్చింది నా కోసమే. నాకు ఆపరేషన్ చెయ్యాలి, చేసేముందు కరోనా లేదని తేల్చుకోవాలి, అందుకని ముక్కులోంచి నమూనా తెమ్మని ఆసుపత్రివాళ్లు పంపారు. వాళ్లు లిఫ్టులో పైకొచ్చే లోపలే కబురు మెట్లెక్కి అన్ని అంతస్తులూ తిరిగేసింది.

వాళ్లు వెళ్లిపోయాక కింద నుంచి మా సొసైటీ సెక్రటరీగారు పిలిచారు. గుజరాతీ పెద్దమనిషి, చీరల వ్యాపారం, మామూలుగా గట్టిగా తుమ్మను కూడా తుమ్మరు. ఆ రోజు మాత్రం చేతిలో తాడు పట్టుకుని మా మెట్లకి అడ్డం కట్టడానికి సిద్ధంగా నిలబడ్డారు.

"బెన్, కోరోనా ఛే?" అన్నారు. అమ్మా, కరోనానా అని.

"కోరోనా నథీ," అన్నాను బాల్కనీలోంచి వంగి. "కేన్సర్ ఛే."

ఎదుటి బ్లాకులో ఒకావిడ గుండెల మీద చెయ్యి వేసుకుని "హాశ్" అంది. గుజరాతీ వాళ్ల హాశ్ అంటే మన హమ్మయ్య. "ఖాలీ కేన్సర్" అని పక్కావిడకి చెప్పింది. అంటే, ఉత్త కేన్సరే. సెక్రటరీగారు తాడు చుట్టుకుంటూ నాకు నమస్కారం పెట్టారు. బాల్కనీలన్నీ ఖాళీ అయిపోయాయి. సాయంత్రానికి మా తలుపు గడియకి ఎవరో ఖమణ్ అనే శనగపిండి పలహారం పొట్లం తగిలించి వెళ్లారు, పచ్చిమిరపకాయలతో సహా.

నేను లోపలికొచ్చి సోఫాలో కూలబడ్డాను. ఏడుస్తున్నాననుకుని మా అత్తమ్మ మంచినీళ్లు తెచ్చింది. దగ్గరికొచ్చి చూస్తే నవ్వుతున్నాను. గడ్డ సంగతి బయటపడిన తర్వాత నేను నవ్వడం అదే మొదలు.

"ఏమైందే పిల్లా? మంచిగనే ఉన్నవా?"

"నా రోగం అందరికీ నచ్చింది అత్తమ్మా," అన్నాను.

ఆమె నా నుదురు పట్టి చూసింది. జ్వరం లేదు. "అయితే నవ్వు" అని నీళ్లు తనే తాగేసింది.

పుస్తకం రాయాలన్న బుద్ధి అప్పుడే పుట్టింది. నేను రచయితని కాను. రింగ్ రోడ్డు మీద బట్టల మార్కెట్ల మధ్యనున్న ఒక బ్యాంకు బ్రాంచిలో ఉద్యోగం. అంతకుముందు నేను రాసినవన్నీ "పై విషయమై తమకు తెలియజేయునది" అని మొదలయ్యేవే. కానీ ఆ హాశ్‌ని ఎవరికైనా చెప్పకపోతే నాకు ఊపిరాడేట్టు లేదు. ఫోన్లో చెబుదామా అంటే మావాళ్లెవరూ నవ్వడానికి సిద్ధంగా లేరు. నేను నోరు తెరవగానే అవతలివాళ్లు ముక్కు ఎగబీల్చేవారు.

అసలు సగం మందికి నాకేం జబ్బో కూడా తెలీదు. ఆ ఘనత మా ఆయనది. రైల్వేలో గూడ్సు ఆఫీసులో పనిచేస్తారు, మితభాషి. చుట్టాలు ఫోన్ చేస్తే "ఛాతీలో చిన్న ప్రాబ్లం" అని ఊరుకునేవారు. దాంతో వరంగల్ నుంచి కరీంనగర్ దాకా అందరూ నాకు గుండెజబ్బనుకున్నారు. ఒకరు పరగడుపున వెల్లుల్లి తినమన్నారు. ఆపరేషన్ అయ్యాక మా పెద్దమ్మ అయితే స్టెంట్లు ఎన్ని వేశారని అడిగింది. నేనేం చెప్పను? "వెయ్యలేదు పెద్దమ్మా, తీసేశారు" అన్నాను. ఆమె చాలాసేపు ఆలోచించి, గుండె తీసేస్తే ఎలా బతుకుతున్నావమ్మా అంది.

ఆపరేషన్ అయింది. ఎడమవైపు మొత్తం తీసేశారు. కట్టు విప్పిన రోజున స్నానాలగదిలో అద్దం ముందు నిలబడ్డాను. నవ్వు రాలేదు. అది కూడా రాశాను, రాయకపోతే అబద్ధమవుతుందని. అత్తమ్మ తలుపు తట్టి, లోపలికొచ్చి, తువ్వాలు అందిస్తూ ఒకసారి చూసింది. చూడనట్టు నటించలేదు. "కుట్లు మంచిగ ఏసిండు. మన లైన్ల దర్జీ కూడ గింత సాపుగ ఏయడు" అంది. ఆమె పెళ్లయిన కొత్తలోనే మామగారితో సూరత్ వచ్చి, మరమగ్గాల చప్పుడులో పిల్లల్ని పెంచిన మనిషి. ఏ పనితనాన్నయినా ముందు కుట్టుని బట్టే తూకం వేస్తుంది.

చంకలో గ్రంథులు కూడా తీసేయడం వల్ల ఎడమచెయ్యి బరువెక్కి, ఎక్కువసేపు టైపు చేస్తే వాచేది. అందుకని నేను చెబుతుంటే మా ఆయన కంప్యూటర్లో కొట్టేట్టు ఒప్పందం కుదిరింది. ఆదివారం పొద్దున్న టిఫినయ్యాక కూర్చునేవాళ్లం. ఒక అధ్యాయం అయ్యాక తీసి చదివాను. అంతా ఇలా ఉంది: "డాక్టరుగారు అది తీసేయాలన్నారు. అది లేకపోతే బతకలేనా అని అడిగాను. అది లేకుండా ఎంతోమంది బతుకుతున్నారన్నారు."

"ఇదేంటండీ, డిటెక్టివ్ నవలలాగ. అది ఏది?"

"అర్థమవుతుంది కదా," అన్నారు కళ్లద్దాలు తుడుచుకుంటూ.

"నేను చెప్పిన మాట కొట్టండి."

"స్తనం అని పెడతా."

"నాకు కేన్సరొచ్చిందండీ, కావ్యం రాలేదు."

"పోనీ రొమ్ము?"

"రొమ్ము విరుచుకుని నడిచాడంటారు. మగవాళ్లకీ ఉంటుంది."

మెంతికూర తుంపుతున్న అత్తమ్మకి ఈ తగువు వినబడుతూనే ఉంది. కూర పక్కన పెట్టి వచ్చింది. "సన్ను అని రాయి కొడుకా. మూడేండ్లు దాన్నే పట్టుకొని యాలాడినవు, వాడకట్టు నడుమల కూడ ఇడువలే. గప్పుడు లేని సిగ్గు గిప్పుడేంది?"

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఒక్కొక్క అక్షరమే, రైలు పెట్టెలు తగిలించినట్టు, చ, న, కింద ఇంకో న కొట్టారు. ఉ కొట్టేముందు ఒకసారి దగ్గారు. ఆ తర్వాత మళ్లీ ఆగలేదు. కొన్నాళ్లకి ఆయన పినతండ్రి ఫోన్ చేసి గుండె ఎలా ఉందని అడిగితే, స్పీకరు పెట్టి మరీ "గుండె కాదు చిన్నాయనా, చన్ను" అన్నారు. లైను కట్ అయిపోయింది. సిగ్నల్ పోయిందేమో అన్నారు మా ఆయన. పోలేదని ఇద్దరికీ తెలుసు.

కీమో మొదలైంది. కోవిడ్ మూలాన తోడు ఎవర్నీ లోపలికి రానిచ్చేవారు కాదు. మా ఆయన కింద పార్కింగులో కూర్చునేవారు, నేను పైన కుర్చీలో సూదితో కూర్చునేదాన్ని. పక్క కుర్చీలో నాకంటే బాగా చిన్నావిడ, మాస్కు మీద కళ్లు మాత్రమే కనబడేవి. నర్సు హిందీలో ఏదో చెబితే ఆవిడ తనలో తను "గీమెకు నరం దొరుకది, నా తలకాయ దొరుకది" అనుకుంది. నేను కిసుక్కుమన్నాను. అలా దొరికింది నాకు నా చెల్లె.

సూరత్ పొలిమేరలో, కడోదరాలో హైవే పక్కన మొగుడూ పెళ్లాలు ఇడ్లీ బండి నడుపుతారు. ఊరు పాలమూరు వైపు. లాక్‌డౌన్ సడలించాక బండి మళ్లీ పెట్టారు, అంతలో ఈవిడకి ఈ రోగం. కీమో వల్ల నోటికి రుచి పోయింది. సాంబారు మాత్రం ఆవిడే చేయాలి, మొగుడికి చేతకాదు.

"ఉప్పు తెలుస్తలేదక్కా. ఏసుడు, నాకుడు, మల్ల ఏసుడు."

"మీ ఆయన చెప్పడా?"

"చెప్తే ఏడుస్తనని భయం. నాకు ఎరుకనే లేదు. ఒక లారీ డ్రైవరు వచ్చి, బెన్, మీ సాంబారు సముద్రం పక్కన చేస్తరా అని అడిగిండు. గప్పుడు తెలిసింది. గని ఒక్కటక్కా, మజ్జిగ మస్తు అమ్ముడువోయింది."

ఆ మాట చెబుతూ ఆవిడ నవ్వలేదు. నేనే సూది ఊడిపోయేలా నవ్వాను. నర్సు వచ్చి ఇద్దర్నీ కోప్పడింది. ఈ సంగతి పుస్తకంలో పెట్టుకోనా అని అడిగితే, పుస్తకమేమిటని ఆరా తీసింది. చెప్పాను. కనుబొమలు ముడిచింది. కోపమొచ్చిందేమోనని నాకు గుబులు. చివరికి, "గీ ముచ్చట మీకు ముందుగాల్నే చెప్పి ఉంటే, మొదటి పేజీలనే నేను ఉంటుంటి కదా" అంది.

అప్పట్నుంచి ఆవిడ వచ్చేటప్పుడే సరుకు తెచ్చుకుని వచ్చేది. జుట్టు రాలిపోయాక కస్టమర్లు తిరుపతి వెళ్లొచ్చావా అని అడిగితే అవునందట. గుళ్లన్నీ మూసి ఉన్నాయి కదా అంటే, మొక్కు పెద్దది, బయటనుంచే ఇచ్చి వచ్చానందట. లడ్డేదని అడిగిన ఒకడికి ఉప్మా పెట్టిందట. నేను ఇంటికొచ్చి ఇవన్నీ చెబితే మా ఆయన టకటకా కొట్టేవారు. కీమో రోజు కోసం ఎదురుచూసే మనిషిని అంతకుముందు ఎక్కడా చూడలేదని డాక్టరుగారు అనేవారు.

కీమో ముగిశాక బ్యాంకుకి వెళ్లాల్సిన రోజొచ్చింది. జాకెట్టులో ఎడమవైపు పెట్టుకునేందుకు సిలికాన్‌ది దొరుకుతుందన్నారు. ఆర్డరు పెడితే అది రాలేదు, కోవిడ్ ఆంక్షల్లో ఎక్కడో ఇరుక్కుపోయింది. అత్తమ్మ రంగంలోకి దిగింది. మెత్తటి పాత మల్లు గుడ్డతో సంచి కుట్టింది. దూది పెడితే తేలిపోయింది, నడుస్తుంటే గడ్డం కిందికి వచ్చేది. బియ్యం పోస్తే మూటలా గట్టిగా ఉంది. చివరికి పెసలు పోసి, కుడివైపుతో సరిచూసి, వంటింటి తూకంలో వేసి, "గిప్పుడు జోడు కుదిరింది" అంది. నిజంగానే బాగుంది. మొదటిరోజు బ్యాంకులో ఎవరికీ తేడా తెలియలేదు.

ఆ శనివారం బ్యాంకు నుంచి వస్తుంటే కాలం కాని కాలంలో వాన. ఆటో దొరక్క తడిసి ముద్దయి ఇంటికి చేరాను. బట్టలు మార్చుకుని, సంచి తీసి స్నానాలగది కొక్కేనికి తగిలించి మర్చిపోయాను. ఆదివారం అంతా పడుకునే ఉన్నాను. సోమవారం పొద్దున్న తీసి చూస్తే గుడ్డలోంచి తెల్లగా సన్నటి తోకలు బయటకొచ్చి ఉన్నాయి. మొలకలెత్తింది.

"అత్తమ్మా," అని పిలిచాను.

ఆమె వచ్చి చూసింది. సంచి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "డాక్టరు తీసేసిండు గని, ఒళ్లు ఊకుంటదా" అంది. మా ఆయన అప్పుడే ఆఫీసుకు బయల్దేరుతున్నారు. ఏమైందని అడిగి, చూసి, చెప్పులు విడిచి గుమ్మంలో కూర్చుండిపోయారు. ఆయన భుజాలు ఊగుతున్నాయి. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన అంత నవ్వడం నేను చూడలేదు. ఆ రోజు ఆఫీసుకి ఆలస్యమైంది. పైఅధికారికి ఏం కారణం చెప్పారో నాకు ఇప్పటికీ చెప్పలేదు. మొలకల్ని మాత్రం పారేయనివ్వలేదు అత్తమ్మ, తులసికుండీలో వేసింది.

తర్వాత రెండో వేవ్ వచ్చింది. ఆ ఎండాకాలం గురించి సూరత్‌లో ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అంబులెన్సు మోత ఆగేది కాదు. బ్యాంకులో నా పక్క సీటు ఆయన పోయారు. మా ఎదుటి బ్లాకులో హాశ్ అన్న ఆవిడ భర్త పోయారు. ఆవిడ బాల్కనీలో ఒక్కతే నిలబడి ఉంటే నేను ఇటునుంచి చెయ్యి ఎత్తేదాన్ని, ఆవిడ అటునుంచి ఎత్తేది. ఆదివారాలు మా ఆయన కంప్యూటరు తెరిచి కూర్చునేవారు. నేను చెప్పలేకపోయేదాన్ని. ఊరంతా ఇలా ఉంటే పెసల కథలేంటి అనిపించేది. కొన్ని వారాలు చూసి ఆయనా తెరవడం మానేశారు.

ఒక మధ్యాహ్నం చెల్లె ఫోన్. వాళ్లాయనకి కరోనా, ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ఆవిడని లోపలికి రానివ్వలేదు. ఎదురుగా రోడ్డు పక్క వేపచెట్టు నీడలో కూర్చుని ఉంది.

"తిన్నావా?"

"తిన్న. అక్కా, గా పెసల ముచ్చట మల్లొకసారి చెప్పు."

"ఇప్పుడా?"

"గిప్పుడే గావాలె. చెప్పు."

మొదలుపెట్టాను. దూది గడ్డం కిందికి రావడం, తూకం వెయ్యడం, వాన. నేను తొందరగా ముగించబోతే ఆవిడ ఊరుకోలేదు, "బియ్యం ముచ్చట ఇడిసిపెట్టినవు" అని అందించింది. మొలకల దగ్గరికొచ్చేసరికి అవతల నవ్వు వినబడింది. నవ్వి నవ్వి దగ్గింది. పక్కన కూర్చున్న వాళ్లెవరో ఏమైందని అడిగారు. ఆవిడ హిందీలో వాళ్లకి మొదట్నుంచీ మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది. ఫోన్ పెట్టెయ్యడం మర్చిపోయింది. నేను వింటూ కూర్చున్నాను. నా కథలో ఆవిడ కొన్ని కలిపింది. సంచిలోంచి ఆకులు కూడా వచ్చాయట. ఎవరో మగమనిషి నవ్వాడు, ఇంకెవరో ఆడమనిషి నవ్వింది. ఆ చెట్టు కింద ఉన్నవాళ్లంతా లోపల ఎవరో ఒకరున్నవాళ్లే.

వాళ్లాయన బయటపడ్డాడు. చిక్కి సగమై ఇంటికొచ్చాడు. ఆ ఆదివారమే నేను మా ఆయన్ని కంప్యూటరు తెరవమన్నాను. ఆకులు కూడా రాయించాను.

పుస్తకం పూర్తయ్యాక, కరోనా కాస్త వెనక్కి తగ్గాక, హైదరాబాదులో ఒక ప్రచురణకర్తకి పంపాను. ఆయన ఫోన్ చేసి చాలా మర్యాదగా మాట్లాడారు.

"హాస్యం బ్రహ్మాండంగా ఉంది మేడమ్. మా ఆఫీసులో అందరం నవ్వుకున్నాం. ఒకటే ఇబ్బంది. రోగం మార్చగలరా?"

"అంటే?"

"షుగర్ పెట్టండి. ఇంటింటా ఉంది. అందరూ కొనుక్కుంటారు."

"షుగరయితే ఏం కోస్తారండీ?"

ఆయన నిజంగానే ఆలోచించారు. "కాలివేలు," అన్నారు.

"వేలు కోస్తే నవ్వొస్తుందా?"

"రాదనుకోండి. కానీ ఇంట్లో పైకి చదువుకోవచ్చు కదా."

మా ఇంట్లో పైకే చదువుకుంటున్నామండీ అని చెప్పి పెట్టేశాను. అత్తమ్మకి సంగతి చెబితే ఆమెకి కోపమొచ్చింది. షుగర్ ఆమెకుంది. "నా రోగం మీద నువ్వెట్ల రాస్తవు? నేను రాసుకోనా?" అంది.

చివరికి మా బ్యాంకు కస్టమరు ఒకాయన ప్రెస్సులోనే అచ్చువేయించాం. రింగ్ రోడ్డు వెనక సందులో చీరల పెట్టెల మీది లేబుళ్లు, కేటలాగులు వేస్తాడు. తెలుగు ముక్క రాదు. పుస్తకం పేరు "ఎడమవైపు ఖాళీ" అని చెబితే, దేని గురించి అని అడిగాడు. ఆడవాళ్ల గురించి అన్నాను. అయితే అట్టమీద బొమ్మ నేను చూసుకుంటానన్నాడు. ఇంటికి తీసుకొచ్చి చూపించింది చీర కట్టుకున్న మోడల్ ఫొటో. ఆయన దగ్గర ఉన్నవి అవే. నేను వద్దనబోతుంటే అత్తమ్మ ఆ అట్ట లాక్కుంది.

"గిది గుజరాతీ కట్టు. పైట కుడి దిక్కు ఏసింది. పైట ఎడమ దిక్కు ఉన్నదాన్ని పెట్టమను."

"ఎందుకు అత్తమ్మా?"

"పైట కింద ఉన్నదో లేదో ఎవలకెరుక?"

పెట్టించాం. ఆవపువ్వు రంగు పట్టుచీర, ఎడమ భుజం మీద నిండుగా పైట. చాలా అందంగా ఉంది. అట్ట చూసినవాళ్లెవరూ లోపలి సంగతి ఊహించలేరు.

కాపీలు కొన్ని బంధువులకి పోయాయి. పినమామగారు అందిందని మెసేజ్ పెట్టారు, చదివానని పెట్టలేదు. ఎక్కువ అమ్ముడైంది కడోదరాలో, ఇడ్లీ బండి మీద. ఆ చుట్టుపక్కల మిల్లుల్లో పనిచేసే మన తెలుగు ఆడవాళ్లు చీరల కేటలాగనుకుని తిరగేసేవారట. ధరలు కనబడక చెల్లెని అడిగితే, ముందు చదువు, ధర తర్వాత చెబుతా అనేదట.

ఒకామె అలాగే నిలబడి చదివిందట, చేతిలో చాయ్ చల్లారేదాకా. చదివి, మెల్లగా చెల్లె చెవిలో, "అక్కా, నొప్పి లేకున్నా చూపెట్టుకోవాల్నా?" అని అడిగింది. చెల్లె బండి మొగుడికి అప్పజెప్పి ఆమెని ఆసుపత్రికి తీసుకెళ్లింది. పరీక్షలన్నీ అయి రిపోర్టు వచ్చేదాకా మేం ముగ్గురం, నేను, చెల్లె, ఆమె, ఫోన్లోనే ఉన్నాం. ఉత్త కొవ్వుగడ్డ. భయం లేదన్నారు.

మర్నాడు ఆమె బండి దగ్గరికొచ్చి చెల్లెని నిలదీసిందట. నవ్వొస్తదంటే కొనుక్కుంటి, మూడు పూటలు అన్నం సయించకుండ చేసిండ్లు, గిట్లాంటి పుస్తకం ఎవలు రాసిండ్లో ఆమెను జర నాకు చూపెట్టు అని నడిరోడ్డు మీద తిట్టిందట. చెల్లె నాకు ఫోన్ చేసి ఆ తిట్లన్నీ వరసగా అప్పజెప్పింది. బ్యాంకులో కస్టమర్లు లైన్లో ఉన్నారు. అయినా నేను ఫోన్ పెట్టెయ్యలేదు. "మళ్లీ చెప్పు" అన్నాను.